లీలమ్మ అట్ల చెయ్యదు

మా అత్తవారింట్లో తెలుగు అందరూ మాట్లాడతారు, ఒక్కరూ చదవరు. యానాం నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో ఈ సంగతి నాకు మహా వింతగా ఉండేది. మా ఊళ్ళో తెలుగు చదవలేనివాళ్ళు లేకపోలేదుగాని, వాళ్ళు ఏదీ చదవలేనివాళ్ళు. పుదుచ్చేరిలో మా మామగారు ఆదికేశవన్ తమిళ పేపరు అట్ట నుంచి అట్ట దాకా చదువుతారు, ఇంగ్లీషులో సంతకం పెడతారు, పాత గవర్నమెంటు కాగితాల మీద ఫ్రెంచి కూడబలుక్కుంటారు. ఇంటికొచ్చి నోరు విప్పితే మాత్రం తెలుగే. ఆ తెలుగే అచ్చులో కనబడితే, పేరు గుర్తురాని దూరపు చుట్టాన్ని చూసినట్టు మర్యాదగా చూసి ఊరుకుంటారు.

పెద్ద బజారులో వాళ్ళకి చాపలు, చేటలు, కొబ్బరితాళ్ళు అమ్మే అంగడి ఉంది. శుక్రవారం సాయంత్రం అంగడి కట్టేసి నెల్లితోపులోని ఇంటికొస్తూ మామగారు బస్టాండు దగ్గర కొట్లో మద్రాసు నుంచి వచ్చే తెలుగు వారపత్రిక కొనుక్కొచ్చేవారు. చదివే దిక్కు లేకపోయినా కొనడం మానలేదు. ఇంట్లో తెలుగు అచ్చు ఉండాలి, అంతే. మా అత్తగారు మణియమ్మ దాని అట్ట మీద కుంకుమ బొట్టు పెట్టి దేవుడి అలమరలో ఉంచేది. అట్ట మీద సినిమా తార ఉన్నా, క్రికెట్ ఆటగాడు ఉన్నా బొట్టు తప్పేది కాదు.

నన్ను కోరి చేసుకోవడానికి కారణం కూడా అదే. పెళ్ళిచూపుల్లో నన్ను పాడమనలేదు, వంటొచ్చా అని అడగలేదు. అత్తగారు చేతిసంచిలోంచి పత్రిక తీసి నా ముందు పెట్టి, యాడన్నా ఒక పేజీ చదవమంది. నా చేతికి తగిలింది తలనొప్పి మాత్రల ప్రకటన. నేను దాన్నే గొంతు సవరించుకుని చదివాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. సంబంధం అక్కడికక్కడే ఖాయమైంది. నన్ను చేసుకున్న బాలకృష్ణన్ ఆ కబురు ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు, తలనొప్పిని కావాలని తెచ్చుకున్నామని.

అట్లా డెబ్బై ఎనిమిది నుంచి ఆ ఇంట్లో శనివారం మధ్యాహ్నం చదువు మొదలైంది. అత్తగారు చాప వేసుకుని కూర్చునేది. పక్కింటి మునెమ్మ అత్త మురుకుల డబ్బాతో వచ్చేది. ఆవిడ కోడలు కోమల పిల్లాణ్ణి నిద్రపుచ్చి వచ్చేది. ఓ మూల గోడకి ఆనుకుని, బియ్యం చేట ఒళ్ళో పెట్టుకుని మంగళ వదిన కూర్చునేది.

మంగళ వదిన మా ఆయనకి అక్క. ఆమెను దగ్గర్లోని పల్లె ఏంబలంలో ఇచ్చారు. నేను కాపురానికి వచ్చేటప్పటికే పుట్టింట్లో ఉంది. ఒకరోజు పొద్దున్నే బస్సు దిగి, చేతిసంచి దేవుడి గదిలో పెట్టి, నేరుగా వంటింట్లోకి వెళ్ళి కూరగాయలు తరగడం మొదలుపెట్టిందట. ఏమైందే అని అడిగితే, "సుమ్మా వచ్చినాను" అందట. ఊరికే వచ్చానని. ఆ తర్వాత ఎవరెన్నిసార్లు అడిగినా అదే జవాబు. కొన్నాళ్ళకి అడగడం మానేశారు, ఆమె మాట్లాడటం మానేసింది. ఉప్పు, పప్పు, నీళ్ళు కాగాయి, ఇంతే ఆమె మాటలు.

మొగుడు శంకరన్ బంగారం లాంటి మనిషని అందరూ అనేవారు. తాగడు, పేకాడడు, ఒంటి మీద చెయ్యి వేసింది లేదు. వరి, వేరుశనగ పండిస్తాడు, తల్లిని కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటాడు. మంగళని పంపమని ఏంబలం నుంచి కబుర్లు వస్తూనే ఉండేవి. అత్తగారి బాధల్లా ఒకటే. "కారణం ఒకటి చెప్తే దాన్ని పట్టుకోని ఊరంతటితో కొట్లాడతాను. కారణమే లేకుంటే ఎవురితో కొట్లాడేది?" అని నా దగ్గర వాపోయేది. కారణం తెలిస్తే కూతుర్ని ఉంచుకుంటుంది, లేకపోతే పంపాలి. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఇది.

నా గోల వేరు. ఎదుటివాళ్ళ సంగతి తెలుసుకోకపోతే నాకు అన్నం సహించదు. మా అమ్మ మంగాయమ్మ దీన్ని రోగం అనేది. నాలుగు కథలు అచ్చయ్యాక జనం దీన్నే ప్రతిభ అంటున్నారు. ఏదైతేనేం, వంటింట్లో వదిన పక్కన కూర్చుని కొబ్బరి తురుముతూ ఆమె మొహం వంక దొంగచూపులు చూడటమే నా పనిగా ఉండేది. ఆ మొహంలో ఏమీ దొరికేది కాదు.

ఆ ఏడు కార్తీకంలో వాన పట్టుకుంది. మార్కెట్టు వీధిలో మోకాలి లోతు నీళ్ళు. మామగారు పత్రికని చొక్కాలో దాచుకుని తెచ్చారుగాని అది అప్పటికే నానిపోయింది. శనివారం విప్పి చూస్తే సీరియల్ పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి పీలికలుగా ఊడొచ్చాయి. మిగిలింది బొమ్మ ఒక్కటే. అందులో ఒక మగాడు కిటికీ వైపు మొహం తిప్పుకుని కుర్చీలో కూర్చున్నాడు. వెనక కాఫీ గ్లాసుతో లీలమ్మ నిలబడి ఉంది.

లీలమ్మ అంటే ఆ సీరియల్ నాయిక. అంతకు ముందు వారం దాకా జరిగింది ఏమిటంటే, ఆమె పెళ్ళయి పట్నం వచ్చింది, మొగుడు విశ్వనాథం ఎందుకో ముభావంగా ఉంటున్నాడు. అంతే. ఆ తర్వాత సంగతి వానపాలైంది.

పేజీలు పోయాయని చెప్పేయొచ్చు. కానీ మునెమ్మ అత్త అప్పటికే మురుకుల డబ్బా మూత తీసింది. కోమల తడిసిన చీర అంచు పిండుకుంటూ వచ్చి కూర్చుంది. పైగా వారం మొత్తంలో నన్ను రుబ్బురోలు దగ్గరికి పిలవని గంట అదొక్కటే. దాన్ని వానకి వదులుకోవడం నాకెంతమాత్రం ఇష్టం లేదు. తడి పత్రికని మొహానికి అడ్డం పెట్టుకుని, విశ్వనాథం ఆ సాయంత్రం పీకల దాకా తాగి వచ్చాడని చదివేశాను.

కథ బ్రహ్మాండంగా నడిచిందనుకున్నాను. విశ్వనాథం గ్లాసు విసిరాడు, లీలమ్మ నుదురు చిట్లింది. కోమల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మునెమ్మ అత్త వాడి చెయ్యి పడిపోవాలని శపించింది. నా ప్రతాపానికి నేనే మురిసిపోతుంటే మూల నుంచి మాట వినబడింది.

"ఆయప్ప తాగలేదు."

అందరం తిరిగి చూశాం. మంగళ వదిన బియ్యం ఏరుతూనే ఉంది. విశ్వనాథం తాగినాడని పుస్తకంలో ఉండాది కదే అని అత్తగారు అంది. వదిన తలెత్తకుండానే గడ్డంతో బొమ్మ వైపు చూపించింది.

"తాగినోడైతే గలాటా చేస్తాడు. ఇట్ల మొహం తిప్పుకోని కూర్చోడు. తాగేవాడైతే సులువే. ఊరంతా ఆమె పక్క ఉంటాది."

ఉప్పు, పప్పు కాని మాట ఆమె నోట నేను వినడం అదే మొదలు. వెంటనే పత్రికలోకి తల దూర్చి, విశ్వనాథం తాగాడని వీధిలో వాళ్ళు అనుకున్నారేగాని నిజానికి అతను తాగలేదు, గ్లాసు చెయ్యి జారి పడింది అని చదివాను. ఇంత ఆలస్యంగానా చెప్పేది అని మునెమ్మ అత్త రచయితని విసుక్కుంది. ఎవరికీ అనుమానం రాలేదు. అచ్చులో ఉన్నది తప్పని ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనుకోలేదు. అచ్చులో ఏముందో చెప్పేది నేనొక్కదాన్నే.

మరుసటి వారం పత్రిక పొడిగానే వచ్చింది. పొద్దున్నే పెరట్లో కూర్చుని ముందుగా నేను చదువుకున్నాను. అచ్చులో విశ్వనాథానికి క్షయ. పెళ్ళానికి తెలియకూడదని మొహం తిప్పుకుంటున్నాడట. లీలమ్మ ఆ సంగతి కనిపెట్టి వరసగా మూడు పేజీలు ఏడ్చింది. నాకు ఒళ్ళు మండింది. క్షయ వస్తే మందు వేసుకోవాలి. గోరిమేడులో అంత పెద్ద ఆసుపత్రి పెట్టుకుని ఈ ఏడుపెందుకు? తాగనివాడు, కొట్టనివాడు, జబ్బు లేనివాడు మొహం ఎందుకు తిప్పుకుంటాడు? నాకు కావలసింది అది. రాసినాయన దాన్ని తప్పించుకున్నాడు. నాకూ తెలియదు. తెలిసిన మనిషి ఒకరు మాత్రం చేట ఒళ్ళో పెట్టుకుని మూల కూర్చుంటుంది.

ఆ శనివారం నేను అచ్చుని పక్కనపెట్టి నా కథే చదివాను. మోసమంటారా, అనండి. అంత ఆసక్తిగా నేను ఏ పనీ చెయ్యలేదు.

చిక్కల్లా బొమ్మలతో వచ్చింది. అక్షరాలు చదవకపోయినా బొమ్మలు అందరూ చూస్తారు. అచ్చులో క్షయ ఉంది కాబట్టి బొమ్మలో మెడకి గొట్టం తగిలించుకున్న డాక్టరు ఉన్నాడు. వాణ్ణి నా కథలోకి లాక్కురావాలి. విశ్వనాథం తల్లికి కాలు బెణికిందని డాక్టర్ని తెచ్చాను. వాడు వచ్చినప్పుడల్లా కోమల జడ ముందుకేసుకునేది. లీలమ్మ వాడితో వెళ్ళిపోవాలని ఆమె కోరిక. అదీ కొంచెం ప్రయత్నించాను. మంగళ వదిన చేతుల్లో బియ్యం గలగలమని దొర్లుతూనే ఉన్నాయి.

అప్పుడు తెలిసింది నాకు, ఎక్కడ చూడాలో. ఆమె మొహంలో ఏమీ ఉండదు, చేతుల్లో ఉంటుంది. విశ్వనాథానికి ఇంకో ఆడది ఉందని చదివాను. చేతులు ఆగలేదు. అది కాదన్నమాట, మరుసటి వారమే ఆ ఆడదాన్ని ఊరు దాటించాను. అత్త రాచి రంపాన పెడుతోందని చదివాను. ఆగలేదు. మొగుడు పిసినారి అన్నాను, అనుమానపు పీనుగ అన్నాను. చేట అట్లా ఊగుతూనే ఉంది. ఈ మధ్యలో మునెమ్మ అత్త ఒక న్యాయమైన మాట అడిగింది. ఇన్ని వారాలుగా ఏడుస్తోందే, ఆ బిడ్డకు ఆకలెయ్యదా, ఏం తింటోంది అని. నేను సిగ్గుపడి లీలమ్మ చేత చింతకాయ పచ్చడితో అన్నం తినిపించాను. ఆ రోజు నుంచి ఆ మనిషి మా మధ్య కూర్చున్నట్టే ఉండేది. అత్తగారు ఒక శనివారం కాఫీ పోస్తూ ఒక గ్లాసు ఎక్కువ తీసి, తన మతిమరుపుకి తనే నవ్వుకుంది.

ఒకసారి లీలమ్మ చేత నూతిలో దూకించబోయాను. ఏం చెయ్యను, కథ ఎటూ కదలడం లేదు. నేను గట్టు దాకా తీసుకెళ్ళేసరికి వదిన నెమ్మదిగా, "లీలమ్మ అట్ల చెయ్యదు" అంది. ఎందుకు చెయ్యదే అని అత్తగారు అడిగింది. నూతి నీళ్ళు తాగేవాళ్ళు ఇంకా ఉండారు కదా అంది వదిన. నేను గబగబా లీలమ్మని గట్టు దించి నీళ్ళు తోడించాను. ఆమె ఏం చేస్తుందో నాకు తెలియకపోయినా ఏం చెయ్యదో చెప్పే మనిషి దొరికింది. కథలో సగం బరువు అక్కడే తగ్గిపోయింది.

ఆ తర్వాతి వారం బొమ్మలో మళ్ళీ డాక్టరు. అతనూ విశ్వనాథం ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు, గుమ్మం పక్కన లీలమ్మ నీడ. కాలు బెణికిన ముసలమ్మ ఎప్పుడో లేచి తిరుగుతోంది. ఇక చెయ్యడానికి ఏమీ లేక వాళ్ళిద్దర్నీ కబుర్లలో పెట్టాను. విశ్వనాథం వానల గురించి చెప్పాడు, ఎన్నికల గురించి చెప్పాడు, ఒక జోకు వేసి నవ్వించాడు. డాక్టరుతో అతను ఎంత బాగా మాట్లాడాడో చదువుతూ ఉంటే గదిలో ఏదో తేడా వచ్చింది. బియ్యం చప్పుడు ఆగింది.

నేనూ ఆగాను. అచ్చు సరిగ్గా పడలేదు, మసగ్గా ఉంది, తర్వాత ఏమన్నాడో అని కళ్ళు చిట్లించి పత్రికని వెలుతురుకి ఎత్తాను.

"కాఫీ తెమ్మంటాడు," అంది మంగళ వదిన. "ఆమెతో కాదు. డాక్టరుతో అంటాడు, కాఫీ తెమ్మని ఆమెకు చెప్పండి అని. ఆమె ఆడనే నిలబడి ఉంటాది."

అదేమి చోద్యం, నేరుగా చెప్తే పోతుందా అని మునెమ్మ అత్త అడిగింది. ఎప్పుడూ చెప్పడు అంది వదిన. వాళ్ళమ్మతో చెప్తాడు, పనిమనిషితో చెప్తాడు, ఎవురూ లేకుంటే గోడతో చెప్తాడు. ఆమెతో మాత్రం ఒక మాట ఆడడు. ఎందుకో ఆమెకు తెలీదు. అడిగితే వాళ్ళమ్మను పిలస్తాడు. కొట్టలేదు, తిట్టలేదు, ఏమని చెప్పుకునేది?

ఇది ఆమె ఇంత పొడుగ్గా చెప్పలేదు. మధ్యమధ్య ఆగింది, ఒక గింజ తీసి చూసి మళ్ళీ చేటలోనే వేసింది. అత్తగారు కూతురి వంక రెప్ప వెయ్యకుండా చూసింది. కాసేపటికి నా వైపు తిరిగి, అచ్చులో అట్లనే ఉండాదా అని అడిగింది. ఉంది అన్నాను. ఆవిడ ఊపిరి పీల్చుకుంది. అచ్చులో ఉంటే అట్లాంటి మొగుళ్ళు లోకంలో ఉన్నట్టే. ఆ వారం ఏంబలం నుంచి కబురొస్తే, ఇప్పుడు కాదు, తర్వాత చూద్దాం అని చెప్పించింది. పొయ్యి దగ్గర వదిన ఆ సాయంత్రం ఏదో పాట కూనిరాగం తీసింది.

అట్లా ఇంకొన్ని వారాలు నడిచేదే. రామభద్రరావుగారు రాకపోతే.

ఆయనది యానామే, మా నాన్నకి స్నేహితుడు, బదిలీ మీద పుదుచ్చేరి వచ్చి మాకు రెండు వీధుల అవతల ఇల్లు తీసుకున్నారు. సెలవుకి ఊరెళ్ళి వస్తూ మా అమ్మ పంపిన ఆవకాయ జాడీ పట్టుకుని ఒక శనివారం మధ్యాహ్నం దిగారు. నేను లోపల మజ్జిగ కలుపుతున్నాను. బయట చాప మీద పత్రిక చూసి ఆయన మొహం చాటంత అయిందట. ఈ సీరియల్ మీరూ చదువుతారా, ఆ క్షయ మొగుడికి లీలమ్మ చేసే సేవ చదువుతుంటే నాకు కన్నీళ్ళు ఆగవండీ అన్నారట. నేను గ్లాసు పట్టుకుని వచ్చేసరికి అత్తగారు ఆయన్ని చదవమని కూర్చోబెట్టింది. బాబాయిగారూ మజ్జిగ తాగండి అని నేను అడ్డం పడబోతే చేత్తో పక్కకి జరగమంది.

ఆయన కంఠం మంచిది. భావయుక్తంగా చదివారు. సేవ చేసి చేసి విసిగి పుట్టింటికి వెళ్ళిన లీలమ్మ తన తప్పు తెలుసుకుని పరుగెత్తుకుంటూ తిరిగొచ్చింది. భర్త కాళ్ళ మీద పడి కన్నీళ్ళతో కడిగింది. నేను పాపాత్మురాలిని, నన్ను క్షమించండి అంది. రామభద్రరావుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఇంకెవరూ కదల్లేదు. ఆయన మజ్జిగ తాగి, మా మౌనాన్ని కథ గొప్పతనం కింద జమకట్టుకుని సెలవు తీసుకున్నారు.

"ఇన్ని దినాలు నువ్వు చదివింది యాడిది?" అంది అత్తగారు.

నా మనసులోది అన్నాను. ఇంకేం చెప్పను? ఆవిడ కేక వెయ్యలేదు. కేక వేస్తే బాగుండేది. నేను బొట్టు పెట్టి దేవుడి దగ్గర పెట్టిన పుస్తకం అది అని మాత్రం అంది. పత్రిక మడిచి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం మామగారు వచ్చాక గట్టిగానే చెప్పింది, అట్లాంటి మొగుడు యాడా ఉండడు, ఇది నీ కోడలు కట్టిన కత, దాన్ని నమ్మి కన్నబిడ్డ కాపురం చెడగొట్టుకుంటానా అని. వచ్చే శనివారం వచ్చి మంగళని పిలుచుకుపొమ్మని ఏంబలానికి కబురు వెళ్ళింది.

ఆ వారమంతా నేను ఎవరి మొహం చూడలేదు. నా వల్ల ఒక మనిషి నోరు విప్పింది, నా వల్లే ఆ మాట కట్టుకథ అయిపోయింది. నాకు కోపం ఎవరి మీదో తెలియలేదు. అచ్చు మీద వచ్చింది, రామభద్రరావుగారి మంచి కంఠం మీద వచ్చింది. మంగళ వదిన మాత్రం ఎప్పటిలాగే తన చీరలు ఉతికి ఆరేసి మడతపెట్టుకుంది. శుక్రవారం పొద్దున్న పంపు దగ్గర బిందె నిండుతుంటే నన్ను ఒక్క ప్రశ్న అడిగింది. ఆ పుస్తకంలో లీలమ్మ నిజంగానే కాళ్ళ మీద పడిందా అని. పడింది వదినా అన్నాను.

"పావం, రాసినాయనకు ఆమెను తెలీదు," అని బిందె ఎత్తుకుని వెళ్ళింది.

శనివారం శంకరన్, వాళ్ళ నాన్న వచ్చారు. వేరుశనక్కాయల మూట తెచ్చారు. నేను అతన్ని చూడటం అదే మొదలు. చూసి నా విశ్వనాథం ఎంత చచ్చు మనిషో తెలుసుకున్నాను. నేను వాడికి ముడుచుకున్న మొహం ఇచ్చాను, బుసకొట్టే ముక్కు ఇచ్చాను. ఈ మనిషికి మంచి పలువరస, నెమ్మదైన గొంతు. వీధి తిన్నె మీద కూర్చుని మామగారితో తాళ్ళ ధర మాట్లాడాడు, మా ఆయనతో టౌను బస్సుల గురించి మాట్లాడాడు. యానాం ఇక్కణ్ణుంచి ఎంత దూరం చెల్లెమ్మా అని నన్ను అడిగాడు. పది నిమిషాల్లో నాకే నచ్చేశాడు. ఇటువంటి మనిషి మీద వదిన చెప్పింది నిజమా అని నాకే అనుమానం వచ్చింది. అత్తగారు నా వంక ఒక చూపు చూసింది, చూశావా అన్నట్టు.

మంగళ వదిన కాఫీ తెచ్చింది. అతను వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. తల తిప్పకుండానే చెయ్యి చాపి గ్లాసు అందుకున్నాడు. ఆమె పక్కనే నిలబడింది, చీర కుచ్చిళ్ళు అతని మోచేతికి తగిలేంత దగ్గరగా. అతను ఒక గుక్క తాగి అత్తగారి వైపు చూసి నవ్వాడు.

"బట్టలు సర్దుకునిందా అడగండత్తా."

నాకు తడిసిన పత్రికలో బొమ్మ కళ్ళ ముందుకొచ్చింది. అత్తగారు అప్పటిదాకా తమలపాకుకి సున్నం రాస్తోంది. రాయడం ఆపింది.

"ఎవుర్ని అడిగేది?"

"ఆమెను."

"ఆమె నీ పక్కనే ఉండాది. నువ్వే అడుగు."

అతను మళ్ళీ నవ్వాడు, ఈసారి వాళ్ళ నాన్న వైపు చూసి. అడగరా, దానికేముంది అన్నాడు తండ్రి, తేలిగ్గానే. శంకరన్ గ్లాసులోకి చూశాడు. పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడం మా ఇళ్ళల్లో లేదు, ఆ సంగతి అత్తగారికి తెలియంది కాదు.

"పేరు వద్దులేప్పా," అంది ఆవిడ మెత్తగా. "ఇదిగో అను, చాలు."

ఎదురింటి ముందు రిక్షా ఆగింది, మనిషి దిగాడు, రిక్షా వెళ్ళిపోయింది. శంకరన్ చెవులు ఎర్రబడ్డాయి. పెదవులు ఒకసారి కదిలాయి. నిజం చెప్పొద్దూ, అతని మీద నాకు జాలేసింది. ఆ ఒక్క మాట అతనికి ఎందుకు రావడం లేదో అతనికీ తెలుసని నేననుకోను. మంగళ వదిన కదలకుండా నిలబడింది. ఆమె కూడా ఎదురుచూస్తోంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా అతను ఇదిగో అంటే ఆమె వెళ్ళేదేమో.

చివరికి అతను వాళ్ళ నాన్నతో, పొద్దు పోతాది, బస్సు దొరకదు అన్నాడు.

"మా బిడ్డ ఈడనే ఉంటాది," అంది అత్తగారు. అని లేచి వేరుశనక్కాయల మూట తీసి వాళ్ళ పక్కన పెట్టింది. ఆ తండ్రి కొంచెం సేపు కొడుకు వంక చూశాడు, ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు. ఇద్దరూ వెళ్ళిపోయారు. కాఫీ సగం గ్లాసులోనే మిగిలింది.

శనివారం కాబట్టి మునెమ్మ అత్త మురుకుల డబ్బాతో రానే వచ్చింది. వెనకే కోమల. జరిగింది వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. అలవాటు ప్రకారం అత్తగారు చాప వేసింది. నేను అలవాటు ప్రకారం దేవుడి అలమర దగ్గరికి వెళ్ళి కొత్త పత్రిక మీద చెయ్యి వేశాను. దానికి ఆ వారం బొట్టు లేదు.

"దాన్ని ఆడనే ఉండనీ," అంది అత్తగారు. "అచ్చులో లేకున్నా పరవాలేదు. లీలమ్మ కత మిగిలింది చెప్పు."

నేను వచ్చి కూర్చుని గొంతు సవరించుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వదిన చేతుల వంక చూశాను. చేతులు ఖాళీగా ఉన్నాయి. ఆమె చేట పక్కన పెట్టేసి, మూల నుంచి జరిగి, మా మధ్యకి వచ్చి కూర్చుంది.

"నేను చెప్తాను," అంది మంగళ వదిన. "ఆ ఇంట్లో ఒక ఆవు ఉండాది. దాన్ని ఆయప్ప దినామూ పేరు పెట్టి పిలస్తాడు."

అత్తగారు వెళ్ళి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చి, కూతురి పక్కన కూర్చుంది.